చప్పుడు చచ్చిపోయే గదిలో ప్రభుదాసు గొంతు

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇదీ దయ్యం కథ కాదు. ఇందులో గొంతు వినిపించిన మనిషి ఇప్పటికీ నిక్షేపంలా ఉన్నాడు.

ఎనభైల్లో పెదకాకాని దగ్గర రేకుల షెడ్డులో నేనూ, పర్చూరు నుంచి వచ్చిన ప్రభుదాసూ ఫోమ్ తయారుచేసేవాళ్ళం. పరుపులకు వాడే పాలియురేథేన్ ఫోమే. రెండు ద్రవాలు కలిపి చెక్కపెట్టెలో పోస్తే రొట్టెలా పొంగేది.

ప్రభుదాసు చర్చిలో పాటలు పాడేవాడు. క్యాసెట్టు చేద్దామంటే చర్చి గదిలో పాట గోడలకు కొట్టుకుని గింగురుమనేది. మామూలు ఫోమ్ అంటిస్తే సన్నటి గొంతును పీల్చుకునేది గానీ డోలక్ మోతను వదిలేసేది. ఫోమ్‌లో ఇంకేదైనా కలిపి చూద్దామనుకున్నాం.

మొదట వాడు మిరప తొడిమల పొడి తెచ్చాడు. మా వైపు తేరగా దొరికేది అదే మరి! పెట్టె పొంగుతుంటే ఇద్దరం తుమ్ముకుంటూ బయటికి పరుగెత్తాం. ఊక బూడిద కలిపితే పొంగినట్టే పొంగి కూలబడింది. పత్తిగింజలను అంటుకుని ఉండే నూగు కలుపుదామన్నది నేను. ఎంత కలపాలో తేల్చింది వాడు. ఆ నూగు ఫోమ్ రంధ్రాల్లో చిక్కుకుని డోలక్ మోతను కూడా నలిపేసింది.

షెడ్డులో ఒక చిన్న గదికి గోడలూ, కప్పూ, తలుపూ వదలకుండా ఆ ఫోమ్ అంటించాం. లోపల చప్పట్లు కొడితే చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోయేది.

"ఒరేయ్ సుబ్బారావ్, దీనికి మనిద్దరి పేర్లూ పెట్టాల్రా!" అని ప్రభుదాసు నన్ను కావలించుకున్నాడు. సొంత తమ్ముణ్ణి కూడా నేను అంతగా నమ్మలేదు.

మద్రాసులో ఒక రికార్డింగ్ స్టూడియో వాళ్ళు నమూనా చూస్తామన్నారు. నాకేమో మా పొలం మిరపకాయలు కల్లంలో ఉన్నాయి. "నువ్వు కాయలు చూసుకోరా, నేను మాట్లాడొస్తా" అని వాడొక్కడే వెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం, అంచు ఊడిన ఫోమ్ ముక్క అంటించడానికి ఆ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. నా ఊపిరి తప్ప ఏమీ వినపడటం లేదు. ఉన్నట్టుండి నా చెవి పక్కనే ప్రభుదాసు గొంతు వినిపించింది.

"లేదండీ, ఇంకెవరూ లేరండీ. నేనొక్కణ్ణే చేశానండీ."

ఎవరో పెద్దమనిషికి వినయంగా చెబుతున్నట్టుంది. తలుపు తీసి చూశాను. షెడ్డు ఖాళీ. రోడ్డు మీద కూడా ఎవరూ లేరు. రేడియో అనుకుందామంటే మా షెడ్డులో రేడియోనే లేదు. ఎండదెబ్బేమోనని మజ్జిగ తాగి పడుకున్నాను. వాడి మీద అలాంటి ఊహ వచ్చినందుకు నాకే సిగ్గేసింది.

ప్రభుదాసు తిరిగొచ్చాడు. "వాళ్ళకి నచ్చలేదురా, వదిలెయ్" అన్నాడు, నా మొహం చూడకుండా.

నాకు ఒళ్ళు మండింది. ఆ గదిలో విన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు వాడికి అప్పజెప్పాను. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కడ స్టూడియో ఆయనా నేనూ తప్ప ఎవరూ లేర్రా. నీకెవరు చెప్పారు?"

నెల తిరక్కుండా మద్రాసుకు మకాం మార్చాడు. మా ఫోమ్ వాడి ఒక్కడి పేరు మీదే అక్కడ తయారైంది.

ఆ మాట అంత దూరం నుంచి నాకెలా వినిపించిందో ఈ రోజుకీ తెలియదు. తెలిసినవాళ్ళను అడిగాను, చెప్పలేకపోయారు. వాడు ఆ రోజు "నేను అలా అనలేదురా" అని ఒక్క మాట అని ఉంటే, నా చెవులదే తప్పనుకుని వాణ్ణే నమ్మేవాణ్ణి.