టాంకీ నీళ్లలో తిప్పిన పసుపు

చంద్రపూర్ ఎండను తిట్టని మనిషిని నేను చూడలేదు. నేనూ తిట్టేదాన్ని. తొంభైల్లో, ఫార్మసీ పీజీ చదివే రోజుల్లోనైతే నోరారా తిట్టాను. ఆ ఎండే ఒకరోజు నా పరువు నిలబెట్టింది.

నా పని పసుపులోని కర్‌క్యుమిన్ మీద. క్యాన్సర్ కణాల మీద దాన్ని ప్రయోగిద్దామంటే మొండిది, నీళ్లలో కరగదు, గిన్నె అడుగున కూర్చుంటుంది. అందుకే దాన్ని లైపోజోముల్లో, అంటే సోయా కొవ్వుతో చేసిన కంటికి కనపడని బుడగల్లో పెట్టి పంపాలి. కొవ్వునూ పసుపునూ తేలిగ్గా ఆవిరయ్యే ద్రావకంలో కలిపి, ఫ్లాస్కులో గాలి లాగేస్తూ దాన్ని వేడినీళ్లలో తిప్పితే గోడకు పల్చటి పొర మిగులుతుంది. ఆ పొర మీద నీళ్లు పోసి ఊపితే బుడగలు. తిప్పడానికి ఒక మిషను ఉండేది.

నాగ్‌పూర్ ల్యాబ్‌లో నాకోసం కణాలు పెంచి పెట్టారు. మర్నాడు పొద్దున ఆ బుడగల సీసా అందకపోతే అవి ఇంకొకరికి వెళ్తాయి, నా థీసిస్‌కు ఫలితం లేకుండా పోతుంది. సరిగ్గా ఆ మధ్యాహ్నమే కరెంటు పోయింది. ఊరి పక్కనే కరెంటు పుడుతుంది, మా నాన్న అక్కడే పని చేస్తాడు, మా కాలేజీకి మాత్రం దిక్కులేదు! ఒళ్లు మండిపోయింది.

"రాత్రిదాంక రాదట. నాగ్‌పూర్‌కు ఫోన్ చేసి వస్తలేనని చెప్పమ్మా," అన్నారు మా గైడు సార్, తెలంగాణ సరిహద్దు రాజురా వైపు మనిషి.

"నేను చెప్పను సార్!"

కోపంతో ముఖం కడుక్కుందామని కుళాయి తిప్పితే చెయ్యి చురుక్కుమంది. మిద్దె మీది టాంకీ నీళ్లు పొద్దుటి నుంచి కాగుతున్నాయి మరి. నాకు కావలసిన వేడి ఇదే కదా! గాలి లాగే గొట్టం కూడా కుళాయి ధారతోనే పనిచేస్తుంది. ఇక తిప్పడానికి నా చేతులున్నాయి.

బకెట్ నింపి ఫ్లాస్కు ముంచాను. రబ్బరు గొట్టం మెలిపడకుండా ఇటూ అటూ తిప్పుతుంటే నా క్లాసు అమ్మాయి నోరు వెళ్లబెట్టింది.

"ఏందే, పిచ్చి లేసిందా? బకిట్ల తిప్పుతున్నవ్?"

"నోర్మూసుకుని నీళ్లు మార్చవే తల్లీ."

మణికట్లు పీకేశాయి. చివరికి గోడకు పసుప్పచ్చటి పొర అంటుకుంది. నీళ్లు పోసి ఊపితే పసుపు కలిపిన పాలలా అయింది. ఎంతసేపు వదిలేసినా అడుగుకు దిగలేదు. సార్ సీసాను వెలుతురుకు పట్టి చూశారు. "గిది నిలబడ్డదే!"

వెలుతురుకు పాడవకుండా సీసాను నల్లకాగితంలో చుట్టుకుని తెల్లవారుజామునే రైలెక్కాను. రెండ్రోజులకు ఫలితం తెలిసింది. ఉత్త పసుపు వేసిన పళ్లెంలో కణాలు హాయిగా అంటుకుని ఉన్నాయి. నా పళ్లెంలోవి ముడుచుకుపోయి, ఊడి తేలుతున్నాయి. అవి పళ్లెంలోని కణాలే, మనిషి కాదు, మందుకు ఇంకా చాలా దూరముందని తెలుసు. అయినా ఎగిరి గంతేశాను.

థీసిస్‌లో పరికరాల పేజీ దగ్గర మిషను పేరు రాయబోయాను. ఫోన్ చేసి రానని చెప్పమన్న సారే నా చెయ్యి ఆపారు.

"అబద్ధం ఎందుకమ్మా? మన ఎండ అని రాయి."

రాశాను.