నిర్మల చాందా దుకాణం

ఇస్తారికి బొగ్గు బండి నడపడం తప్ప మరో విద్య రాదని పద్మాపూర్ గనిలో అందరికీ తెలుసు. గొర్రెల ఊలు కత్తిరించడం కూడా వచ్చునని అతని భార్య నిర్మలకొక్కతికే తెలుసు. ఎందుకంటే ఆ గొర్రెలు ఫోన్‌లోని ఆటలో ఉండేవి.

ఆట మొదట నేర్చింది నిర్మలే. కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు ఆసుపత్రి మంచం మీద నాలుగేసి గంటలు కదలకుండా పడుకోవాల్సి వచ్చేది. ఒక చేతికి సూదులు, రెండో చేయి ఖాళీ. ఆ ఖాళీ చేత్తోనే ఆటలో గొంగళ్లు నేయడం మొదలుపెట్టింది. అక్కడ మంచుకొండలెక్కే వాళ్లు, ఏ ఊరివాళ్లో ఏమో, వాటిని ఎగబడి కొనేవారు. ఇస్తారి డ్యూటీ దిగి, ఒంటి మీది మసి కడుక్కోకుండానే ఆమెకు ఊలు పోగేసేవాడు. "మొగణ్ని కూలికి పెట్టుకున్న షావుకారివే నువ్వు" అని ఎక్కిరిస్తే, "కూలి లేదు, గొంగడిస్త, కప్పుకో" అని నవ్వేది. నేసినవాళ్ల పేరు ప్రతి గొంగడి మీదా దానంతటదే పడుతుంది. తమ ఊరి పాత పేరు చాందాను తగిలించుకుని ఆమె అక్కడ నిర్మల చాందా అయింది.

ఆటలో దుకాణం పెట్టినవాళ్లకు ఒక నియమం ఉంది. యజమాని వారంలో ఒక్కసారైనా తలుపు తీయాలి. లేదంటే దుకాణం పోతుంది, సరుకు వేలానికి పోతుంది. ఆఖరిసారి ఆసుపత్రికి వెళ్తూ నిర్మల ఆ సంగతి మొగుడికి రెండుసార్లు చెప్పింది. మళ్లీ ఇంటికి రాలేదు.

ఆమె పోయిన ఐదో రోజున ఇస్తారికి అది గుర్తొచ్చింది. ఆమె పేరున్న ఇరవై మూడు గొంగళ్లు అక్కడ ఉన్నాయి. ఆమె చేత్తో చేసిందంటూ ఈ లోకంలో మిగిలింది అంతే. నిర్మల ఫోన్ చేతిలోకి తీసుకున్నాడో లేదో, గడ్‌చాందూర్ నుంచి వచ్చిన అక్క రుక్కమ్మ చూడనే చూసింది.

"ఏంది తమ్మీ, ఆటనా?"

"ఆట గాదక్కా, నిర్మల దుకాణం. ఒక్కసారి తెరిచి మూసేస్త."

"దినాలు గాకముందు దుకాణం తెరుస్తరా ఎవరన్న? మైలల ఉన్నం. పెండ్లాం పోయి వారం గాలే, ఫోన్ల ఆడుతుండంటే నలుగురు ఏమంటరు?"

రుక్కమ్మ చెడ్డది కాదు. తమ్ముడి పరువు కోసమే అంది. ఆ నలుగురూ అప్పటికే చూస్తున్నారు. ఒక్క వేలు ఆనిస్తే అయిపోయే పని. కొండంత బండిని గని లోతుల్లోకి దింపే మనిషికి బంధువుల చూపులు చూసి సిగ్గేసింది. ఫోన్ అక్క చేతిలో పెట్టేశాడు.

దినాలైన మర్నాడు తెరిచి చూస్తే ఆ చోట ఎవరిదో కత్తుల దుకాణం ఉంది.

ఇస్తారి ఆటలోని సంతకు వెళ్లి, అందరికీ కనిపించేలా తనకు వచ్చిన మరాఠీలో రాశాడు. నిర్మల చాందా గొంగడి ఎవరి దగ్గరున్నా ఇవ్వండి, అది నా భార్య నేసింది, ఆమె ఇప్పుడు లేదు అని. సాయంత్రానికి నాగపూర్ అమ్మాయి ఒకతె జవాబు రాసింది.

"దాదా, వేలంలో చవగ్గా వస్తున్నాయని అందరం ఊలు కోసమే కొన్నాం. విప్పేశాం. నా దగ్గర పదహారు ఉండలు మిగిలాయి. పంపనా?"

"పంపు తాయీ" అని అక్కను పిలిచినట్టు రాశాడు.

ఉండలు వచ్చి అతని పెట్టెలో పడ్డాయి. నిర్మల కోసం అతను పోగేసిన ఊలు ఉండలు అందులో ముందే ఉన్నాయి. ఒకే రకం సరుకును ఆట ఒకే కుప్పగా కలిపేస్తుంది. మూడు వందల నలభై ఉన్నచోట మూడు వందల యాభై ఆరని చూపించి ఊరుకుంది. ఏవి నిర్మల చేతిలో మెదిలినవో, ఏవి కావో చెప్పే దారే లేదు.

ఇస్తారి బావురుమన్నాడు. వంటింట్లోంచి రుక్కమ్మ ఉరికొచ్చింది.

"ఆమెది ఒక్కటన్న మిగలలేదక్కా. నలుగురికి భయపడి నేనే పోగొట్టిన."

రుక్కమ్మకు ఏం పోయిందో అర్థం కాలేదు. తమ్ముడి తల ఒళ్లోకి తీసుకుని, తనూ ఏడుస్తూ కూర్చుంది.