డబుల్ యాక్షన్ ఫొటోలో పిన్ని

మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. పోస్టుకార్డంత ఉంటుంది, అంచులు పసుపు పట్టాయి. వెనక గుడ్డ మీద ఒక చెరువు, రెండు హంసలు, ఆ చెరువు మీదుగా ఎందుకో ఒక విమానం. ముందు చెక్కబెంచీ మీద ఇద్దరమ్మాయిలు. ఎడమపక్క చీరలో ఉన్నది మా అమ్మ. కుడిపక్క లంగా ఓణీలో, రెండు జడలతో, నవ్వు ఆపుకుంటున్నట్టున్నది మా పిన్ని. అమ్మకు ఒక్కతే చెల్లెలు. పద్నాలుగో ఏట జ్వరం వచ్చి పోయింది. నేను పుట్టకముందు మాట.

ఆ కాలపు స్టూడియోలంటే నాకు మొదటినుంచీ ఇష్టం. ఉన్న మొహం ఉన్నట్టు చూసుకోవడానికి ఇంట్లో అద్దం చాలదా అనుకునేవాళ్ళేమో, మనుషుల్ని చందమామ మీద కూర్చోబెట్టేవాళ్ళు, సీసాలో దించేవాళ్ళు, గులాబీ మధ్యలోంచి మొహం బయటపెట్టించేవాళ్ళు. బెజవాడ ఎగ్జిబిషన్లో నన్ను అట్ట విమానంలో పెట్టి తీసిన ఫొటో ఇప్పటికీ ఉంది. కిటికీలోంచి దర్జాగా చెయ్యి ఊపుతుంటాను. నన్ను వెనకనుంచి ఎత్తి పట్టుకున్న అమ్మ చెప్పులు కింద కనిపిస్తుంటాయి. తర్వాత గన్నవరంలో నిజం విమానం చాలాసార్లు ఎక్కాను. ఒక్కసారీ చెయ్యి ఊపబుద్ధి కాలేదు.

పిన్ని సమాధి ఉయ్యూరు దగ్గర, మా అమ్మమ్మ ఊళ్ళో ఉంది. ఏటా నవంబరులో సమాధుల పండుగకు వెళ్ళి గడ్డి పీకి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వస్తాం. కిందటేడు చూస్తే సమాధి పగుళ్ళిచ్చి ఉంది. గ్రానైటు పలక వేయిద్దామనుకున్నాను. ఇప్పుడందరూ పలకలో పింగాణీ మీద అచ్చువేసిన ఫొటో కూడా బిగిస్తున్నారు. పిన్నికి ఉన్నది ఆ ఒక్క ఫొటోయే. అందులోంచి ఆవిడ మొహం వరకు తీయించి, పండుగనాడు సమాధి దగ్గరే అమ్మకు చూపిద్దామని, చెప్పాపెట్టకుండా ఫొటో సంచిలో వేసుకుని బెజవాడలో ఒక స్టూడియోకు వెళ్ళాను. అడక్కుండా మేలు చేయడం నా పాత జబ్బు.

స్టూడియో ఆయనది నా వయసే. ఫొటోను స్కాన్ చేసి, కంప్యూటర్లో పెద్దది చేసి, రెండు మొహాలనూ మార్చి మార్చి చూశాడు.

“ఇందులో పోయింది ఎవరండీ?” అన్నాడు.

“ఓణీలో ఉన్నావిడ. మా పిన్ని.”

“మరి ఈ చీరలో ఆవిడ?”

“మా అమ్మ. ఇంట్లోనే ఉంది.”

“ఇద్దరూ ఒకరేనండీ మేడమ్. ఇది డబుల్ యాక్షన్ ఫొటో. మా నాన్నగారు తీసేవాళ్ళు ఇలాంటివి.”

ఆయన ఓపిగ్గా చెప్పాడు. లెన్సుకు సగం వరకు నల్లకాగితం అడ్డం పెట్టి ఒకసారి తీస్తారట. తర్వాత మనిషిని ఈ పక్కనుంచి ఆ పక్కకు, కాగితాన్ని ఆ పక్కనుంచి ఈ పక్కకు మార్చి, అదే ఫిల్ము మీద ఇంకోసారి తీస్తారట. రెండూ కలిసిన చోట సన్నటి నీడ మిగులుతుంది. బెంచీ మధ్యలో ఆ నీడ చూపించాడు. తర్వాత రెండు మొహాలూ పక్కపక్కన పెట్టాడు. ఇద్దరికీ ఎడమ కనుబొమ్మను కోస్తూ ఒకే గాటు. చిన్నప్పుడు చెరకుతోటలో పడి అమ్మ తగిలించుకున్న గాటు అది.

అక్కచెల్లెళ్ళు ఒకే అచ్చు అని మా ఇంట్లో అందరూ అనేవాళ్ళు. నేనూ అదే నమ్మి, యాభై ఏళ్ళుగా చూస్తూ ఆ గాటు చూడలేదు. ముందు సిగ్గేసింది. తర్వాత కోపం వచ్చింది.

“బతికున్నవాళ్ళ ఫొటో సమాధికి పెట్టరు కదండీ. ఒకసారి అమ్మగారిని అడిగి రండి,” అన్నాడాయన.

ఇంటికొచ్చేసరికి అమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఫొటో ఆమె ముందు పెట్టాను.

“ఇందులో పిన్ని ఎక్కడుందమ్మా?” అన్నాను, అవసరమైనదానికన్నా గట్టిగా.

అమ్మ చెయ్యి ఆగలేదు. “కనిపెట్టావా?” అంది. కాయలు ఒలుస్తూనే చెప్పింది.

“నాకు సంబంధాలు చూస్తన్నారని ఫొటో తీయించడానికి తీసుకెళ్ళింది మా అమ్మ. సంచిలో చెల్లి లంగా ఓణీ కూడా పెట్టుకొచ్చిందని నాకు తెలీదు. అది పోయి అప్పటికి ఏడాది. దాని ఫొటో ఒక్కటీ లేదు మాకు. ఆ స్టూడియో గోడకి ఒకే మనిషి ఇద్దరుగా ఉన్న ఫొటోలు తగిలించి ఉండేయి. అమ్మ అవి ముందే చూసుకున్నట్టుంది. ముందు నన్ను చీరలో తీయించింది. తర్వాత ఈ ఓణీ వేసుకుని దానిలాగా నవ్వు అంది. అది ఎట్లా నవ్వేదో నాకు తెలుసు కదా.”

“ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే అందులో నువ్వు పిన్నిని చూసేదానివా? అమ్మ రోజూ ఆ ఫొటో తుడిచి, ఆ పక్కనున్నదాన్నే ముద్దు పెట్టుకునేది. ఇటు చూసేది కాదు. పోన్లే, అదీ నేనే కదా అనుకునేదాన్ని.”

ఈ మాట అమ్మ చాలా మామూలుగా అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు. నేను కళ్ళు తుడుచుకుని, పలక మీద పేరొక్కటే చెక్కిస్తాను, నువ్వుండగా నీ ఫొటో సమాధి మీద పెట్టడం అపశకునం, నా వల్ల కాదు అన్నాను.

“నాదెట్లా అవుద్ది? ఆ రోజే దానికి ఇచ్చేశాను,” అంది అమ్మ. “దాని మొహం తెలిసినవాళ్ళలో ఇంక నేనొక్కదాన్నే మిగిలాను. నా తర్వాత అది ఎట్లా ఉండేదో చెప్పేవాళ్ళు ఉండరు. పెట్టించు. ఆ కనుబొమ్మ మీద గాటొకటి తీసేయమను. దానికి లేదది.”

స్టూడియో ఆయన ఆ గాటు తీసేశాడు. అంతా కలిపి రెండు నిమిషాల పని.

పండుగ సాయంత్రం సమాధుల దగ్గర ఊరంతా ఉంది. కొత్త పలక ముందు అమ్మ కొవ్వొత్తులు నిలబెట్టింది. పక్క సమాధికి పూలు పెడుతున్న ఒకావిడ వంగి ఫొటో చూసింది.

“మీ చెల్లెలు అచ్చం మీలాగే ఉందండీ.”

అమ్మ కొంగుతో ఫొటో తుడిచింది. తుడిచినచోటే మళ్ళీ తుడిచింది.

“లేదండీ,” అంది. “అది దీనికన్నా బాగుండేది.”