తేలిగ్గా వచ్చిన సంచి

పొద్దున్నే చెరువులోకి దించిన మేత సంచిని మధ్యాహ్నం పైకి లాగితే చేతికి బరువు తగలకూడదు. తోమాకి తెలిసిన చేపల పెంపకమంతా ఈ ఒక్క మాటలో ఉంది. తవుడూ నూనెచెక్కా కలిపి, కన్నాలు పొడిచిన సంచిలో నింపి, గెడకి కట్టి నీళ్లలో వేలాడదీస్తారు. చేపలు ఆ కన్నాల్లోంచి పీల్చుకుని తింటాయి. సంచి ఖాళీగా వస్తే చెరువు బాగున్నట్టు. బరువుగా వస్తే నీళ్లలో గాలి తగ్గిందన్నమాట. చేప నీటిపైకి నోరు పెట్టేసరికి ఆలస్యమైపోతుంది. సంచి అయితే ఒకటి రెండు రోజుల ముందే చెబుతుంది. అప్పుడు మేత ఆపి, వల వేసి, చేపని పలచన చేసి గట్టెక్కవచ్చు.

తోమా తండ్రి కొల్లేట్లో వెదురు మావులు పెట్టి చేపలు పట్టేవాడు. సరస్సు నిండా చెరువు గట్లు లేచాక మావు పెట్టే చోటే మిగల్లేదు. ఆ నీళ్లు ఎవరివి, ఆ గట్లు ఎవరివి అని అడిగిన నాథుడు లేడు. నీళ్లు పోగొట్టుకున్నవాళ్లే ఆ గట్ల మీద కూలీలయ్యారు. అలాగే తోమా గణపవరం దగ్గర చేపపిల్లల్ని పొదిగించి అమ్మే అబ్బాయిరాజు గారి హేచరీలో మేత పడవ ఎక్కాడు.

"తొందరగా ఎదిగే జాతి కావాలిరా తోమా. బాగా తినేవాటినే తల్లిచేపలుగా ఉంచు," అన్నాడు రాజు.

తోమా తన పద్ధతి తనే కనిపెట్టుకున్నాడు. సంచి దించగానే ముందుగా దూసుకొచ్చిన శీలావతి చేపల మీద విసురువల వేసి, వాటినే తల్లిచేపలుగా ఉంచేవాడు. వాటి పిల్లలు ఎదిగాక, వాటిలోనూ సంచికి ముందొచ్చినవే. పదిహేనేళ్లలో చేప మారిపోయింది. ఏడాదికి రావలసిన సైజు దసరాకి వదిలితే వేసవికే వచ్చేస్తోంది. హేచరీ గోడ మీద 'సంచి మిగలదు!' అని పెద్దక్షరాలతో రాయించారు. కైకలూరు నుంచీ ఏలూరు నుంచీ రైతులు వచ్చినప్పుడల్లా రాజు తోమా భుజం తట్టి, "అంతా మావాడి చెయ్యండీ," అనేవాడు. ఆ మాట తోమాకి భోజనం కన్నా రుచిగా ఉండేది.

ఆ చేపపిల్లల్నే, ఆ సీడునే, తోమా తమ పేట చెరువులోనూ వేయించాడు. అది పేట చేపల సొసైటీకి మిగిలిన ఒకే ఒక చెరువు. కరెంటు లైను లేదు, నీళ్లని చిలికి గాలి పట్టించే ఏరేటర్లు లేవు. సీడు వదిలిన రోజు పాస్టరు గారు గట్టు మీద ప్రార్థన చేశారు. ఈ పంట పోతే చెరువుని లీజుకి ఇచ్చేయడం తప్ప దారి లేదు. తీసుకోవడానికి అబ్బాయిరాజు మనుషులు ఎప్పుడో సిద్ధంగా ఉన్నారు.

కార్తీకంలో ఎక్కడో వాయుగుండమట, మబ్బు పట్టింది. ఎండ లేదు, గాలి లేదు. హేచరీలో కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయి. తల్లిచేపలు నీటిపైకి నోళ్లు పెట్టాయి. బరువు ఉంటుందనుకుని తోమా సంచి లాగాడు. ఖాళీ. పక్కది లాగాడు. అదీ ఖాళీయే. ఊపిరాడని చేప మేత మీదికి పోదు, పోకూడదు. ఇదైతే పోయి తినేసింది.

"రాజుగారండీ, ఈ చేపకి మేత ఎప్పుడు వదలాలో తెలీట్లేదండి. ప్రాణం పోతున్నా తింటోందండి."

"తినడం కూడా తప్పేనంట్రా?" రాజు నవ్వాడు. "జనరేటర్ తిప్పమన్నానుగా, అరగంటలో దిగిపోతాయిలే."

"ఇక్కడ దిగుతాయండి. మా పేట చెరువుకి కరెంటే లేదు కదండీ."

"దానికి నేనేం చెయ్యను? మీవాళ్లకి చెప్పి వేయించింది నువ్వే కదా." రాజు ఫోను చెవిలో పెట్టుకుని అటు తిరిగాడు.

ఏరేటర్లు ఉన్నవాడి చెరువులో ఆ ఆకలి లాభం. లేనివాడి చెరువులో అదే ఆకలి చావు. సీడు అమ్మేటప్పుడు ఈ తేడా ఎవరూ చెప్పరు. గోడ మీద చోటు చాలదు కాబోలు.

తోమా సైకిలు తొక్కుకుంటూ పేటకి వచ్చేసరికి సొసైటీ ప్రెసిడెంటు ఆనంద్ పాల్ గట్టు మీదే ఉన్నాడు.

"మేత ఆపెయ్యండిరా. రేపే వలేసి సగం చేప తీసేద్దాం."

"అదేంటి బాబాయ్? ఇందాక సంచి దులిపితే పొట్టు కూడా రాలలేదు. ఖాళీ అయితే చెరువు బాగున్నట్టేనని నేర్పింది నువ్వేగా?"

"అది పాత చేప సంగతిరా."

"కొత్త చేపతో పాటు నీ నాలుకా మారిందేంటి, తోమా?" పక్కనుంచి సొసైటీలోని మత్తయి అందుకున్నాడు. "రాజుగారు పంపించారేమోలే. ఎదగని చేప పట్టేసి మనం నష్టపోతే చెరువు ఆయన చేతికొస్తుందిగా!"

అందరూ నవ్వారు. తోమా ఒట్టు పెట్టుకున్నాడు, బతిమాలాడు, తిట్టాడు. వాళ్లు సంచినే నమ్మారు.

ఇంట్లో అన్నం పెడుతూ రత్నకుమారి అడిగింది. "ఏవండీ, మరి ఇన్నాళ్లూ ఆ చేపల్ని ఏరిందెవరండీ?"

"నేనేనే." తోమా కంచం పక్కకి జరిపాడు. "ముందొచ్చింది మంచి చేపనుకున్నాను. భయం ఉన్నవాటినన్నింటినీ వెనక్కి వదిలేశాను."

రత్నకుమారి మర్నాడు తమ వంతు సంచి నింపలేదు. మిగతావాళ్లు నింపి దించారు. మధ్యాహ్నానికి తోమా ఒక్కడే పడవ తోసుకుని చెరువు మధ్యకి వెళ్లాడు. సన్నగా జల్లు మొదలైంది. నీటి మీద ఎక్కడ చూసినా చిన్నచిన్న వలయాలు. గట్టు మీద గొడుగుల కింద నించున్నవాళ్లకి అవన్నీ చినుకులే.

తోమాకి దగ్గర్నుంచి కనబడుతున్నాయి. గుండ్రటి నోళ్లు, తెరుచుకుంటూ, మూసుకుంటూ, పడవ చుట్టూ. తెడ్డు తగిలినా తప్పుకోవడం లేదు. అతను సంచి లాగాడు. చేతికి బరువే తెలియలేదు. తెల్లటి పొట్ట పైకి తేలి పక్కకి ఒరిగిపోయిన శీలావతి ఒకటి, తడుముకుంటూ వచ్చి ఆ ఖాళీ సంచి కన్నానికి నోరు ఆనించింది.

"బాబాయ్! ఖాళీయేనా?" గట్టు మీంచి ఆనంద్ పాల్ కేకేశాడు.

తోమా గట్టు వైపు తిరిగాడు.

"ఖాళీయేరా," అన్నాడు.

గట్టు మీద ఎవరో చప్పట్లు కొట్టారు.