మాకు ఇవ్వని సర్క్యూట్ బొమ్మ

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేదాన్ని. దగ్గర్లోని పండ్ల మార్కెట్‌కు ఒక విదేశీ సంస్థ సోలార్ కరెంటుతో నడిచే, పండ్లు నిలవ ఉంచే చలిగదిని ఉచితంగా ఇచ్చింది. దాన్ని నడిపే పద్ధతి ఉన్న ఇంగ్లీషు పుస్తకాన్ని తెలుగు చేసే పని నాకు అప్పగించారు. ప్రారంభం రోజు మైకులో నాలుగైదుసార్లు 'సాంకేతిక పరిజ్ఞానం బదిలీ' అన్నారు. నేనూ అందరితోపాటు చప్పట్లు కొట్టాను.

మూడో నెలలోనే గది ఆగిపోయింది. లోపల నిండా ద్రాక్ష ఉంది.

ఎల్బీనగర్‌లో ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్‌ని పిలిచారు. నల్గొండ మనిషి, ఇరవై ఏళ్లుగా అదే పని. ఆ రోజు బంద్ కావడంతో సంచి భుజాన వేసుకుని నడిచే వచ్చాడు. గంటసేపు చూసి నాకు కబురు చేశాడు.

"కంప్రెసర్ మంచిగనే ఉంది మేడం. కరెంటు కూడ వస్తున్నది. గీ కంట్రోల్ బోర్డే నడవనిస్తలేదు. సెన్సర్ పోయినట్టుంది. బోర్డు సర్క్యూట్ బొమ్మ ఉంటే జర చూపియ్యుండ్రి."

పుస్తకంలో ఆ బొమ్మ లేదు. ఆ లోపానికి ఎదురుగా 'సంస్థ ప్రతినిధిని సంప్రదించండి' అని మాత్రం ఉంది. ఆ వాక్యం తెలుగులో రాసింది నేనే. ప్రతినిధికి ఫోన్ చేశాను.

"బొమ్మ ఇవ్వడం కుదరదండీ. డిజైన్ మా సంస్థ రహస్యం. మా ఇంజనీరు వచ్చేదాకా బోర్డు మూతకు వేసిన సీలు ఎవరూ ముట్టుకోవద్దు."

"ఎప్పుడొస్తారండీ?"

"మీ ఊళ్లో ఈ గొడవలు తగ్గాక."

నాలుగు రోజులు అదే జవాబు. ద్రాక్ష పులిసిన వాసన బయటికి కొడుతోంది. ఐదో రోజు పొద్దున మెకానిక్ స్క్రూడ్రైవర్ తీశాడు.

"తీస్త మేడం. ఏమన్నయితే నా పేరు చెప్పుండ్రి."

"అలా ఎందుకండీ, ఇద్దరం కలిసే తీద్దాం" అన్నాను.

సీలు తెంపాం. బోర్డు మీద ఏ తీగ ఎక్కడికి పోతోందో చూసి నోట్‌బుక్‌లో గీసుకున్నాను. ఆయన పాత ఫ్రిజ్ థర్మోస్టాట్ తెచ్చి బోర్డుతో పని లేకుండా కంప్రెసర్‌కు వేరే లైను ఇచ్చాడు. సాయంత్రానికి గది చల్లబడింది. సగం పండ్లు దక్కాయి.

రెండు వారాలకు ఇంజనీరు వచ్చాడు. గది నడుస్తోందని చూడలేదు, తెగిన సీలే చూశాడు. ఒప్పందం తప్పారన్నాడు. ఇకమీద బయటివాళ్లు ముట్టుకోరని మార్కెట్ కమిటీ చేత సంతకం పెట్టించుకున్నాడు.

"ఈయనకు వారం రోజులు నేర్పండి. మీకూ ఇంతదూరం తిరిగే పని తప్పుతుంది" అన్నాను.

"శిక్షణ మా ఒప్పందంలో లేదు మేడం" అని, నా నోట్‌బుక్‌లో బొమ్మ గీసిన కాగితం కూడా ఇమ్మన్నాడు.

నేనివ్వనన్నాను. కమిటీ పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. "ఇచ్చెయ్యుండ్రమ్మా. గది ఎత్తుకపోతే మేం పరేషాన్ అయితం."

చింపి ఇచ్చేశాను. కనీసం ఒక నకలైనా తీసి పెట్టుకోవాలని నాకు ముందు తోచలేదు. ఆ కోపం ఇప్పటికీ నా మీదే ఉంది.

మరుసటి ఎండాకాలం గది మళ్లీ ఆగింది. అప్పుడూ బంద్‌లే, ఇంజనీరు రాలేదు. సంతకం పెట్టిన కమిటీ వాళ్లే వెళ్లి మెకానిక్‌ని బతిమాలి తీసుకొచ్చారు. ఆయన మూత తీసి నన్ను చూడమన్నాడు. ఇంజనీరు పోయినసారి మార్చి వెళ్లిన కొత్త బోర్డు మొత్తం మీద నల్లటి జిగురు పోసి రాయిలా గట్టిపరిచారు. ఒక్క తీగ కూడా కనబడడం లేదు.

"మనం నేర్సుకుంటే వాళ్లకేం పోతది మేడం?" అన్నాడు.

పాడైన మామిడిపండ్లు బుట్టల్లోకి ఏరుతున్న ఆడవాళ్ల పక్కన కూర్చుని, నేనూ ఏరడం మొదలుపెట్టాను.