రోజారమణి విప్పిన కుట్లు

నర్సీపట్నం బస్టాండు వెనక సందులో ఉండే రోజారమణి చేత ఒకసారి జాకెట్టు కుట్టించుకున్నవాళ్లు ఇంకో టైలరు గడప తొక్కరు. నాతవరం నుంచి పెళ్లివారు షేర్ ఆటో ఎక్కి మరీ వస్తారు. ఆవిడ కుట్టిన జాకెట్టు భుజం దగ్గర ముడత పడదు, చంక దగ్గర పట్టెయ్యదు. లోపలి వైపు తిప్పి చూసినా ఒక్క దారప్పోగు కనబడదు.

ఆ పనితనానికి ఆవిడ ఏం చెల్లించుకుంటోందో ఇంట్లోవాళ్లకే తెలుసు. రానురాను కుట్టడం కంటే విప్పడమే ఎక్కువైంది. వెంట్రుకవాసి వంకర ఆవిడ కంటికి కాలవంత కనబడేది. బ్లేడు తీసుకుని కుట్లు విప్పేది, మళ్లీ కుట్టేది, గుమ్మంలోకి తెచ్చి వెలుతుర్లో చూసేది, మళ్లీ విప్పేది. కంచంలో అన్నం ఎండిపోయేది. కళ్లు మూసుకుంటే ఎప్పుడో ఇచ్చేసిన జాకెట్టు మెడపట్టీ కళ్లముందు కదిలేది. బాగుందని ఎవరైనా అంటే మొహమాటానికి అంటున్నారనుకునేది. అనకపోతే నచ్చలేదని కుమిలిపోయేది. గుండెదడ మొదలైతే గ్యాస్ అనుకుని మందుల షాపులో మాత్రలు తెచ్చుకుని మింగింది.

చిన్నప్పుడు యలమంచిలిలో మేనత్త దగ్గర కుట్టు నేర్చుకుంది. కుట్టు వంకరపోయిన ప్రతిసారీ మేనత్త ఆ గుడ్డ పట్టుకుని వీధిలో అందరికీ చూపించేది. మేనత్త పోయి చాలా కాలమైంది. ఆ చూపించడం మాత్రం రోజారమణి లోపల ఆగలేదు.

"బాగానే ఉంది కదే, ఇచ్చీ," అన్నాడోసారి ఆటో నడిపే మొగుడు నానాజీ.

"బాగానే ఉండడం ఏటి? బాగుండాల," అంది.

పక్కవీధి కళావతి కూతురు సత్యశ్రీ పెళ్లికి జాకెట్టు ఎప్పుడో కుట్టేసింది. మగ్గం పని చేసిన ఎర్ర పట్టు. తీరా పెళ్లి ముందురోజు ఎడమచెయ్యి కొంచెం లాగినట్టు అనిపించి విప్పింది. అది సరిచేస్తే కుడిచెయ్యి తేడా కొట్టింది. అదీ విప్పింది. పెళ్లినాటి పొద్దున్న కళావతి వచ్చేసరికి జాకెట్టు చేతుల్లేకుండా మిషను మీద పడి ఉంది. రోజారమణి గోడకు చేరబడి తన అరచేతుల వంక చూసుకుంటోంది.

"ఏటైందమ్మా రవణీ?"

"నా సేత కాదు పిన్నీ. ఎలగ కుట్టినా తప్పే వొస్తంది."

కళావతి కోప్పడలేదు. స్టూలు లాక్కుని పక్కన కూచుంది. "నువ్వు కుట్టు. నేనిక్కడే ఉంటాను. అయిపోయినాక మాత్రం నీ సేతికివ్వను."

రోజారమణి ఏడుస్తూనే కుట్టింది. కుట్టు ఆగగానే కళావతి సూది కింది నుంచి జాకెట్టు లాగి, దారం పంటితో తెంపి, చీర కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

పెళ్లికి భార్యాభర్తలిద్దరూ వెళ్లారు. అక్షింతలు వేసి, భోంచేసి, ఆటోలో తిరిగి వస్తుంటే నానాజీ అన్నాడు, "పిల్ల మొకం ఎంత కళగా ఉన్నాదో."

రోజారమణి గుర్తు తెచ్చుకోబోయింది. ఎడమచెయ్యి గుర్తుంది. భుజం కుట్టు గుర్తుంది. చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన పిల్ల, పెళ్లికూతురై ఎదురుగా కూర్చున్న పిల్ల, దాని మొహం ఎలా ఉందో ఎంత తడుముకున్నా తట్టలేదు. దడ కంటే, నిద్ర లేకపోవడం కంటే ఆవిడకు ఇదే ఎక్కువ భయం వేసింది.

"ఆటో ఆపు," అంది. నానాజీ పక్కకు తీసి ఆపాడు. "నన్ను డాక్టరు దగ్గిరికి తీసుకెళ్లు. కడుపు డాక్టరు కాదు. మనసుకి సూసే డాక్టరు."

విశాఖపట్నంలో లేడీ డాక్టరు రోజారమణి చెప్పినదంతా విన్నది. మందులు రాసింది. పని బాగా చెయ్యాలనుకోవడం వేరు, తప్పు వస్తే తాను దేనికీ పనికిరానని వణికిపోవడం వేరు, ఆ రెండోదానికే వైద్యం అంది. వేసుకునేవాళ్లకు ఇబ్బంది లేని చిన్న వంకరను విప్పకుండా వదిలెయ్యడం అలవాటు చేసుకోమంది.

చెప్పినంత తేలిక కాలేదు. మొదటిసారి అలా చిన్న వంకరతోనే జాకెట్టు ఇచ్చినప్పుడు రోజారమణి తలుపు రెక్క పట్టుకుని నిలబడిపోయింది. గుండె నోట్లోకి వచ్చినట్టయింది. కాసేపటికి తగ్గింది. మరోసారి ఆగలేక, జాకెట్టు తీసుకెళ్లినామె వెనక పరిగెత్తి వెనక్కి లాక్కొచ్చింది కూడా. ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పి మళ్లీ మొదలుపెట్టింది.

ఈలోగా సందులో గుసగుసలు బయల్దేరాయి. ఓ సాయంత్రం రోజారమణి కుట్టు షాపులో నలుగురున్నప్పుడు ముసలి రామాయమ్మ అడిగేసింది. "మాటిమాటికీ వైజాగెందుకెళ్తన్నావే?"

రోజారమణి మిషను ఆపింది. "మనసుకి మందు తెచ్చుకోడానికత్తా. నీ మోకాలికి నువ్వు తెచ్చుకోవేటి?"

అంతవరకూ ఆ సందులో ఇలాంటి జబ్బు గురించి గొంతెత్తి చెప్పినవాళ్లు లేరు. అందరూ వెళ్లాక రామాయమ్మ ఉండిపోయింది. "మా మనవరాలు బేబి కూడా అలగే ఉన్నాదే. కాలేజీలో మంచి మార్కులొచ్చినా అన్నం మానేస్తంది. ఒక్క మార్కు పోతే తలుపేసుకుంటంది. పొగరనుకున్నాం."

"పొగరు కాదత్తా. ఈసారి నాతో పంపీ."

ఇప్పుడు ఆవిడ పెళ్లిళ్ల సీజన్లో కూడా పట్టగలిగినంత పనే ఒప్పుకుంటుంది. అన్నం వేడిగా ఉండగానే తింటుంది. కుట్టు పేరు మాత్రం తగ్గలేదు. వైజాగు వెళ్లేటప్పుడు బేబి తోడు ఉంటుంది. మొదటి ప్రయాణంలో ఆ పిల్ల చాలాసేపు బిగుసుకుని కూర్చుని, ఆఖరికి అడిగింది.

"పిన్నీ, ఇది పూర్తిగా తగ్గిపోద్దా?"

రోజారమణి ధైర్యం కోసం అబద్ధం చెప్పలేదు. "నాకింకా ఉన్నాదమ్మా. కుట్లు ఇప్పీమనే లోపల్నించి సెప్తాది. నేనే ఇనడం మానీసినాను."

బస్సు తాళ్లపాలెం దాటింది. బేబి కిటికీ అద్దం పక్కకు జరిపి, బయటి గాలికి మొహం పెట్టింది.