పూతరేకు విరుగుతుందా, వంగుతుందా?

ఒక పోట్లాట తేల్చుకోవడానికి నేను రాజమండ్రి రైలెక్కాను. పోట్లాట పూతరేకు గురించి. ఈ మాట ఇంట్లో చెబితే మా అమ్మ నవ్వేసి, తేల్చుకున్నాక నేతివి ఒక పెట్టె తెమ్మంది.

హైదరాబాదులో నా ఉద్యోగం కంప్యూటర్ ముందు కూర్చుని అణువులను కదిలించి చూడడం. ప్లాస్టిక్, రబ్బరు, పట్టుదారం, బియ్యప్పిండి, అన్నిటిలోనూ పొడుగాటి గొలుసుల్లాంటి అణువులుంటాయి. వాటినే పాలిమర్లు అంటాం. ఒక్కో గొలుసునీ పూసలదండలా కంప్యూటర్‌లో కట్టి, పూసకీ పూసకీ మధ్య లాగుడెంతో తోపుడెంతో చెప్పి వదిలేస్తే, అవి ఎలా అల్లుకుంటాయో, వంచితే ఎప్పుడు తెగుతాయో అది లెక్కగట్టి చూపిస్తుంది. కొన్నేళ్లుగా నేను కడుతున్నది పూతరేకు. కాగితమంత పల్చగా తినే వస్తువు మరొకటి నాకు దొరకలేదు. కానీ దాన్ని కుండ మీంచి తీస్తుండగా ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు.

ఇదే పని రాజమండ్రిలో ఇంకొకరు చేస్తున్నారని ఒక ఆన్‌లైన్ సమావేశంలో తెలిసింది. ఆవిడ సుగుణ గారు, అక్కడి డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. కాలేజీ వాళ్లు పక్కన పడేసిన పాత కంప్యూటర్లను కలిపి తీగలు గుచ్చి, వాటి మీద బియ్యప్పిండి గొలుసులు నడుపుతున్నారు. ఆనందంగా నా ఫలితాలు పంపాను. ఆవిడ తనవి పంపారు. రెండూ కలవలేదు. పూతరేకు ఒక మోతాదు తేమ దాకా గాజులా పెళుసుగా ఉండి, అది దాటగానే ఒక్కసారిగా గుడ్డలా మెత్తబడుతుందని నా లెక్క. అలా కాదు, తేమ పెరిగేకొద్దీ మెల్లమెల్లగా మెత్తబడుతుందని ఆవిడ లెక్క. నెలల తరబడి ఎంతో మర్యాదగా, ఎంతో కోపంగా మెయిళ్లు రాసుకున్నాం. చివరికి ఆవిడే రాశారు, మనం మనం కొట్టుకోవడం ఎందుకండి, రేకునే అడుగుదాం, ఆదివారం రండి అని. పందెం కూడా ఆవిడే కట్టారు: ఎవరి లెక్క నిజమైతే, మేం కలిసి రాయబోయే పరిశోధన పత్రంలో వాళ్ల పేరు ముందు. మా లోకంలో ముందున్న పేరు మనిషిది. తరువాతి పేరు ‘తదితరులు’ అన్న మాటలో కలిసిపోతుంది.

కాకినాడ వెళ్లే రైలు కొవ్వూరు చేరేసరికి తెల్లవారింది. ఎదురు బెర్తు పెద్దాయన మండపేటలో రైసు మిల్లు గుమాస్తా. ఏం చేస్తుంటారమ్మా అని అడిగితే దాచకుండా చెప్పాను.

“కంప్యూటర్లో పూతరేకు చేస్తారాండి? ఎంతుంటది ఆ రేకు?”

కంటికి కనపడదండి, దుమ్ము రేణువు మీద వేలకు వేలు పరవొచ్చు అన్నాను. అప్పటికి బండి వంతెన ఎక్కింది. ఆయన కాసేపు గోదావరిని చూశారు.

“మరి పంచదార ఎక్కడ చల్లుతారండి?”

నా థీసిస్ పరీక్షలో కూడా నన్ను ఎవరూ ఇంత ఇరుకున పెట్టలేదు. ఇద్దరం నవ్వుతుండగానే వంతెన అయిపోయింది.

ఈ దారిన వెళ్లదలచిన వారికి: స్టేషన్ బయట ఆటోలు బేరానికి తొందరపెడతాయి, తొందరపడకండి. బస్టాండుకి దగ్గర్లో ఉప్మా పెసరట్టు వేడిగా దొరుకుతుంది. అల్లం చట్నీ అడిగి మరీ వేయించుకోండి. నేను రెండోది చెప్పబోతుంటే ఎవరో నా భుజం తట్టారు.

సుగుణ గారు నా మెడ దాకా వస్తారు. మెయిళ్లలో ఆవిడ ఆరడుగులు. పొద్దున్నే మొదటి ఆరాధనకు వెళ్లి, చర్చి నుంచి నేరుగా వచ్చారట. భుజాన పెద్ద సంచీ, అందులో ఐదు ప్లాస్టిక్ డబ్బాలు. ఒక్కో డబ్బా అడుగున ఒక్కో రకం ఉప్పు, కొద్ది నీళ్లతో ముద్దగా కలిపి ఉంది. అలా కలిపి మూత బిగిస్తే లోపలి గాలిలో తేమ ఒకే చోట నిలబడిపోతుంది. ఏ ఉప్పుకి ఆ తేమ. నాలుగో డబ్బాలోది వంటింటి ఉప్పే, మిగతావి లాబ్‌లోవి. మొదటి డబ్బాలో వేసవి మధ్యాహ్నం, ఐదో డబ్బాలో శ్రావణమాసం అన్నమాట. పైన జల్లెడ బిగించారు, రేకు ముక్కలు ఉప్పుకి తగలకుండా. చూడగానే ఆవిడంటే నాకు ఇష్టం పుట్టింది. పందెం రోజున ఇది మంచిది కాదు.

బొబ్బర్లంక మీదుగా రావులపాలెం వెళ్లే బస్సు ఎక్కాలి. కుడివైపు కిటికీ పట్టుకుంటే ధవళేశ్వరం ఆనకట్ట మీద నీళ్లు కావలసినన్ని కనిపిస్తాయి. ఆనకట్ట మీద గాలికి ఆవిడ డబ్బాలన్నిటినీ పసిబిడ్డల్లా ఒళ్లో పెట్టుకుని, అప్పటిదాకా మెయిళ్లలో చెప్పని సంగతి చెప్పారు. ఆవిడ కంప్యూటర్లున్న మూలగదిని పరీక్షల సామాన్లు పెట్టుకోవడానికి ఇవ్వమంటున్నారు కాలేజీ వాళ్లు. కరెంటు బిల్లు తప్ప ఆ గదిలోంచి ఏం వచ్చిందని స్టాఫ్ మీటింగులో అడిగారట. ఒక్క పత్రం, పైన తన పేరు, అదుంటే గది ఉంటుంది.

నా కాంట్రాక్టు కూడా వేసవితో అయిపోతుంది. ముందు పేరు నాకూ కావాలి. అయినా ఆనకట్ట దాటేలోపే నా నోటి నుంచి మాట జారింది. పందెం మానేద్దాం మేడమ్, మీ పేరే ముందు పెట్టుకుందాం అన్నాను.

ఆవిడ అప్పటిదాకా నన్ను మీరు అంటున్నారు.

“నువ్వు నాకు దానం చెయ్యకమ్మా. నేను గెలిస్తే గది నిలబడాలి. నువ్వు జాలిపడితే కాదు.”

ఆ తరువాత కాలువగట్టు రోడ్డంతా ఇద్దరం కొబ్బరిచెట్లను చూస్తూ కూర్చున్నాం. ఆత్రేయపురంలో దిగేటప్పుడు ఆవిడ డబ్బాలు నాకు ఇవ్వలేదు, సంచీ ఒక పిడి మాత్రం పట్టుకోనిచ్చారు.

ముందే ఫోన్ చేసి పెట్టుకున్న, పూతరేకులు చేసే సత్యవతి గారి ఇల్లు సెంటర్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. వసారాలో పొయ్యి మీద కుండ బోర్లించి ఉంది. ఆవిడా, ఆవిడ తోటికోడలు నాగమణీ కొబ్బరి కమ్మలు ఎగదోస్తూ పని మొదలుపెట్టేశారు. పల్చటి పిండినీళ్లలో గుడ్డ ముంచి, దాని అంచులు పట్టుకుని, కుండ మీద ఒక్కసారి అలా పరిచి లాగారు. చుయ్యిమంది. గుడ్డ వెళ్లిపోయింది, రేకు మిగిలింది. వేలితో అంచు లేపితే పొగ ఊడివచ్చినట్టు ఊడివచ్చింది.

మళ్లీ చేయమన్నాను. మళ్లీ చేశారు. మళ్లీ అన్నాను.

ఆ ఒక్క చుయ్యిలో జరిగేది నాకు తెలుసు. వేడికి పిండి గింజలు పగిలి, గొలుసులు బయటపడి, నీళ్లు ఎగిరిపోతుంటే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నా కంప్యూటర్ వారాల తరబడి నడిచి చూపించేది అందులో లక్షోవంతు క్షణం కూడా కాదు. ఇక్కడ లెక్కలేనన్ని కోట్ల గొలుసులు, ఒక్క చేతి ఊపులో. నాకు కళ్లు తిరిగినంత పనైంది. నాగమణి గారు పొగకనుకుని మంచినీళ్లు ఇచ్చారు. పక్కకి చూస్తే సుగుణ గారి కళ్లజోడు వెనుక కూడా అదే వెర్రి వెలుగు. ఇన్నాళ్లూ గోదావరి ఒడ్డునే ఉండి ఆవిడ కూడా కుండ దగ్గర కూర్చోవడం ఇదే మొదటిసారట. చెప్పడానికి సిగ్గుపడి మెయిళ్లలో రాయలేదట.

రేకుల్ని వేలెడు వెడల్పున ముక్కలు చేసి డబ్బాల్లో పరిచి మూతలు బిగించాం. అవి తేమ పట్టేదాకా ఆగాలి. సత్యవతి గారు అన్నం తినకుండా కదలనివ్వలేదు. ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ కూర. తింటూ తింటూ పందెం సంగతి చెప్పాల్సివచ్చింది. పరీక్ష ఇలా పెట్టుకున్నాం: అప్పడాల కర్ర, పెన్సిలు, చీపురుపుల్ల. రేకు ముక్కని ముందు లావు కర్ర చుట్టూ, తరువాత సన్నవాటి చుట్టూ చుట్టాలి. నా లెక్క నిజమైతే ప్రతి డబ్బాలో ముక్కా మూడిటి మీదా విరగాలి, లేదా మూడిటి మీదా వంగాలి. మధ్యస్థం లేదు. ఆవిడ లెక్క నిజమైతే కొన్ని కర్ర మీద వంగి పెన్సిలు మీద విరుగుతాయి, కొన్ని పెన్సిలు మీద వంగి పుల్ల మీద విరుగుతాయి.

నాగమణి గారు నా పక్షం చేరారు, దూరం నుంచి వచ్చానని. సత్యవతి గారు ఏ పక్షమూ చేరలేదు.

“పందెం మీది కాబట్టి మీరిద్దరూ ముట్టుకోకండి. నేను చుడతానండి.”

మూత తీసిన క్షణం నుంచే బయటి గాలి పనిచేస్తుంది, ఆలస్యం చేయకూడదు. మొదటి డబ్బా. అప్పడాల కర్ర మీద పెట్టీపెట్టగానే ఫట్‌మంది. ఇది ఇద్దరి లెక్కలోనూ ఉంది. రెండో డబ్బా. నా లెక్క ప్రకారం ఇదీ విరగాలి. సత్యవతి గారు ముక్కని కర్ర మీద ఆనించి నెమ్మదిగా బొటనవేళ్లతో అదిమారు. అది కర్రని చుట్టుకుని చక్కగా పడుకుంది. పెన్సిలు మీద పెడితే విరిగింది.

ఇంకో ముక్క చూడమన్నాను. కర్ర మీద వంగింది, పెన్సిలు మీద విరిగింది. మరొకటి. అంతే. సుగుణ గారు నా వైపు చూడలేదు, మూడో డబ్బా మూత మీద చెయ్యి వేసి ఉంచారు.

మూడో డబ్బాలో ముక్క పెన్సిలు చుట్టూ ఉంగరంలా తిరిగింది. చీపురుపుల్ల మీద మధ్యకి చీలింది. నాలుగోది చీపురుపుల్లకీ చుట్టుకుంది. ఐదోది పుల్లకి అంటుకుపోయి ఊడి రాలేదు.

మెట్టుమెట్టుగా. ఆవిడ చెప్పినట్టే.

నేను ఓడిపోయానని నాకు తట్టేసరికే నవ్వు మొదలైపోయింది. ఆపుదామన్నా ఆగలేదు. నల్లటి తెర మీద రంగురంగుల పూసలుగా మేం ఆడుకుంటున్న గొలుసులకీ, సత్యవతి గారి బొటనవేళ్ల కింద వంగిన ఈ రేకుకీ నిజంగా చుట్టరికం ఉంది. ఇన్నాళ్లూ ఉందని పత్రాల్లో రాస్తూ వచ్చాను. నమ్మింది ఆ వసారాలోనే. సుగుణ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు, నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియడం లేదు. ఆవిడని వాటేసుకున్నాను. నాగమణి గారు ఓడిన పక్షాన ఉండి కూడా అందరికీ టీ పెట్టారు.

ఎందుకు ఓడానో టీ అయ్యేలోపే తేలిపోయింది. బియ్యప్పిండిలో తిన్నటి గొలుసులుంటాయి, చెట్టులా కొమ్మలేసినవీ ఉంటాయి. ఎక్కువ కొమ్మలవే. లెక్క త్వరగా తెమలాలని నేను తిన్నటివాటితోనే రేకు కట్టాను, కొమ్మల వల్ల పెద్ద తేడా ఉండదని వాదించాను కూడా. ఆవిడ పాత కంప్యూటర్లు నత్తనడక నడుస్తున్నా కొమ్మల్ని వదల్లేదు. నీళ్లు దూరేకొద్దీ ఆ కొమ్మలు ఒక్కొక్కటే పట్టు వదులుతాయి. అందుకే రేకు ఒక్కసారిగా మారదు.

సాయంత్రం బస్సులో ఇద్దరం ఒకే కాగితం మీద రాసుకుంటూ, కొట్టేసుకుంటూ వచ్చాం. పత్రం పేరు దగ్గర మళ్లీ పోట్లాడుకున్నాం. అది వేరే సంగతి. చదివేవారికి ఆత్రం లేకుండా ఇక్కడే చెప్పేస్తాను: పత్రం అచ్చయింది, మేరీ సుగుణ అన్న పేరు ముందుంది, గది గదిగానే ఉంది. పరీక్షల సామాన్లు వరండాలో ఉన్నాయట. నా కాంట్రాక్టు కొద్ది నెలలు పొడిగించారు. ఆ తరువాత ఏమిటో తెలియదు. తెలియకపోయినా ఈమధ్య నిద్ర బాగానే పడుతోంది.

రాజమండ్రి స్టేషన్‌లో ఆవిడ ప్లాట్‌ఫారం దాకా వచ్చారు. బండి కదిలేముందు కిటికీలోంచి ఒక పొట్లం అందించి, ఆవిడ ఇంతే అన్నారు:

“ఇంటికెళ్లి కొమ్మలు పెట్టి మళ్లీ నడుపు. కలవకపోతే ఫోన్ చెయ్యి. మెయిలు వద్దు.”

బండి వేగం అందుకున్నాక పొట్లం విప్పాను. నేతి పూతరేకులు. పొద్దుటి నుంచి రేకుల్ని చేయించి, కోసి, చుట్టి, విరిచి, వాటి కోసం వాదించి, ఒక్కటైనా తినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఒకటి నోట్లో పెట్టుకున్నాను. కొరకలేదు. నాలుక తడికి పొరలు ఒక్కొక్కటే జారిపోయాయి, నెయ్యీ పంచదారా మిగిలాయి, తరువాత అవీ లేవు. ఇంత తేమలో ఏమవుతుందో మా ఇద్దరిలో ఎవరమూ ఇంకా లెక్కగట్టలేదు. బండి నిడదవోలు దాటేలోపు మరో మూడు తిని చూశాను, పరీక్ష ఒక్కసారితో సరిపోదు కదా. ప్రతిసారీ అదే ఫలితం.